ఇరవై రెండు నిమిషాల తీర్పు

అమెరికాలో పేరుమోసిన గుర్రపు పందెం కెంటకీ డర్బీ. 1875లో మొదలైన ఈ పందెం ఒక్క ఏడాది కూడా ఆగకుండా జరుగుతోంది. అందరికన్నా ముందు గీత దాటిన గుర్రాన్ని, తోటి గుర్రాలకు అడ్డు తగిలిందన్న కారణంతో గెలుపు నుంచి తప్పించడం 2019 వరకూ ఇందులో ఎన్నడూ జరగలేదు. ఆ ఏడాది మే 4న జరిగిన 145వ డర్బీలో మాగ్జిమం సెక్యూరిటీ అనే గుర్రానికి ఆ గతి పట్టింది. దాని యజమానులు గ్యారీ వెస్ట్, మేరీ వెస్ట్ దంపతులు అప్పీలు చేశారు, కోర్టుకెక్కారు. పందెం ఫలితాన్ని తేల్చే అధికారులైన స్టీవార్డుల తీర్పు తప్పా ఒప్పా అన్నది మాత్రం ఎక్కడా విచారణకే రాలేదు. అప్పీలు చేసే హక్కే లేదన్న జవాబు దగ్గర వ్యవహారం ఆగిపోయింది.

లూయీవిల్‌లోని చర్చిల్ డౌన్స్ రేస్‌కోర్సు ఆ రోజు వానకు బురదబురదగా ఉంది. మైలుంపావు పందెంలో 19 గుర్రాలు దిగాయి. లూయిస్ సాయెజ్ స్వారీ చేసిన మాగ్జిమం సెక్యూరిటీ మొదటి నుంచీ ముందుంది. ఆఖరి మలుపు తిరుగుతుండగా అది లోపలి కంచెను వదిలి ఒక్కసారిగా బయటి వైపు జరిగింది. సరిగ్గా అదే సమయానికి వెనక నుంచి వార్ ఆఫ్ విల్ పుంజుకుంటోంది. దాని ముందుకాళ్లు మాగ్జిమం సెక్యూరిటీ వెనకకాళ్ల మధ్యకు వచ్చేశాయి. అంత వేగంలో రెండు గుర్రాల కాళ్లు పెనవేసుకుంటే రెండూ కూలతాయి, వెనక వస్తున్నవి వాటి మీద పడతాయి. వార్ ఆఫ్ విల్ ఎలాగో నిలదొక్కుకుని పక్కకు ఒరిగింది. ఆ ఒరుగుడుకు లాంగ్ రేంజ్ టాడీ, బోడెక్స్‌ప్రెస్ కూడా దెబ్బతిన్నాయి. మాగ్జిమం సెక్యూరిటీ మళ్లీ పుంజుకుని 1¾ లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) తేడాతో గీత దాటింది. జనం కేకలకు గుర్రం బెదిరిందని సాయెజ్ ఆ తర్వాత చెప్పాడు.

అబ్జెక్షన్ పెట్టింది ఇద్దరు జాకీలు: రెండోస్థానంలో వచ్చిన కంట్రీ హౌస్ జాకీ ఫ్లావియన్ ప్రా, లాంగ్ రేంజ్ టాడీ జాకీ జాన్ కోర్ట్. అందరికన్నా ఎక్కువ నష్టపోయిన వార్ ఆఫ్ విల్ తరఫున ఎవరూ నోరు మెదపలేదు. ముగ్గురు స్టీవార్డులు వీడియోను పదేపదే తిప్పి చూశారు, జాకీలను ఫోన్లో అడిగారు. 22 నిమిషాల తర్వాత ఫలితం తారుమారైంది. విజేత కంట్రీ హౌస్. మాగ్జిమం సెక్యూరిటీ, తాను అడ్డు తగిలిన గుర్రాలన్నిటికన్నా వెనక్కి, అంటే 17వ స్థానానికి జారింది. 65కు 1 ధర పలికిన కంట్రీ హౌస్ మీద 2 డాలర్లు కాసినవారికి 132 డాలర్ల 40 సెంట్లు వచ్చాయి. ముగ్గురిదీ ఒకే మాట అని చీఫ్ స్టీవార్డ్ బార్బరా బోర్డెన్ ఒక ప్రకటన చదివి వెళ్లిపోయారు. విలేకరుల ప్రశ్నలకు అవకాశం ఇవ్వలేదు.

కెంటకీ నిబంధన ప్రకారం గుర్రం పక్కకు జరిగి మరొకదానికి అడ్డు తగిలితే అది ఫౌల్. ఆ ఫౌల్ వల్ల పందెం ఫలితం మారిందని స్టీవార్డులు భావిస్తే, తప్పు చేసిన గుర్రాన్ని వెనక్కి నెట్టవచ్చు. ఇక్కడ చూసేది దెబ్బతిన్న గుర్రం తనకు రావలసిన స్థానం పోగొట్టుకుందా అన్నది. బ్రిటన్‌లో ప్రశ్న వేరు: అడ్డు లేకపోతే దెబ్బతిన్న గుర్రం, అడ్డొచ్చిన గుర్రాన్ని ఓడించేదా? జపాన్ 2013లో, ఫ్రాన్స్, జర్మనీ 2018లో ఈ రెండో పద్ధతికి మారాయి. వార్ ఆఫ్ విల్ ఆ రోజు గెలిచి ఉండేదని గట్టిగా చెప్పడం కష్టం. కనుక బ్రిటన్ కొలమానంతో చూస్తే మాగ్జిమం సెక్యూరిటీ గెలుపు నిలిచే అవకాశమే ఎక్కువ. కెంటకీ కొలమానంతో మాత్రం స్టీవార్డుల నిర్ణయం సమర్థనీయమే. మూడు గుర్రాల దారి చెడిందన్నది వీడియోలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

చిక్కంతా ఆ తర్వాతిది. మే 6న వెస్ట్ దంపతులు కెంటకీ హార్స్ రేసింగ్ కమిషన్‌కు అప్పీలు చేశారు. పందెం నడుస్తుండగా జరిగిన ఫౌల్ మీద స్టీవార్డులు తేల్చిన విషయాలకు, గుర్రాన్ని వెనక్కి నెట్టిన నిర్ణయానికి అప్పీలు లేదని నిబంధనల్లోనే ఉందంటూ కమిషన్ అదే రోజు తోసిపుచ్చింది. మే 14న వారు ఫెడరల్ కోర్టులో దావా వేశారు. తమ వాదన వినకుండా గెలుపు లాక్కోవడం రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు విరుద్ధమనీ, నిబంధనలో స్పష్టత లేదనీ వారి వాదం. జడ్జి కారెన్ కాల్డ్‌వెల్ 2019 నవంబరులో దావా కొట్టేశారు. 2020 ఆగస్టు 28న ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. స్టీవార్డుల విచక్షణకు వదిలేసిన గెలుపును, దాని బహుమతి సొమ్మును యజమాని తన ఆస్తిగా చెప్పుకోజాలడనీ, ఆస్తే కానప్పుడు దాన్ని లాక్కున్నారన్న ప్రశ్నే రాదనీ కోర్టు తేల్చింది. 30 లక్షల డాలర్ల ప్రైజ్‌మనీలో విజేత వాటా 18 లక్షల 60 వేలు. వెస్ట్ దంపతులు అంతటితో పోరాటం ఆపేశారు.

అదే సంఘటన మీద జాకీ సాయెజ్‌కు 15 పందేల రోజుల సస్పెన్షన్ పడింది. ఆ శిక్ష మీద అప్పీలుకు అవకాశం ఉంది. అతను అప్పీలు చేసి, తర్వాత వెనక్కి తీసుకున్నాడు. ఒకే మలుపులో జరిగిన ఒకే కదలిక విషయంలో జాకీకి ఉన్న తలుపు యజమానికి లేదు.

స్టీవార్డులదే చివరి మాట అనడానికి అసలు కారణం పందెం కాసేవాళ్లు. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సుకు వెళ్లే అలవాటున్నవారికి ఇది చెప్పనక్కర్లేదు. ఎంక్వైరీ నడుస్తుంటే చేతిలోని టికెట్ పారేయకూడదు, ఫలితం ఖాయమయ్యాకే టోట్ (రేస్‌కోర్సు బెట్టింగ్ కౌంటర్) చెల్లిస్తుంది. ఒకసారి చెల్లించిన డబ్బును నెలల తర్వాత వెనక్కి రాబట్టడం అయ్యే పని కాదు. కానీ కాసినవారి డబ్బు వేరు, యజమాని గెలుపు వేరు. ఈ రెంటినీ విడదీయవచ్చని కెంటకీయే స్వయంగా చూపింది. 1968 డర్బీలో ముందొచ్చిన డాన్సర్స్ ఇమేజ్ పరీక్షలో ఫెనిల్‌బ్యూటజోన్ అనే మందు బయటపడింది. ఆ గుర్రం మీద కాసినవారికి అప్పటికే డబ్బు ముట్టింది, దాన్నెవరూ తిరిగి అడగలేదు. యజమాని పీటర్ ఫుల్లర్ మాత్రం 1972 దాకా కమిషన్‌లో, కోర్టుల్లో పోరాడాడు. చివరికి ఓడాడు, ఫార్వర్డ్ పాస్ విజేతగా మిగిలింది. ఓడినా అతని మాట విన్నారు.

యజమాని మాట వినే విషయంలో బ్రిటన్ కూడా మొదటి నుంచీ ఉదారంగా లేదు. మహిళల ఓటుహక్కు ఉద్యమకారిణి ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రం కింద పడి గాయపడి, ఆ తర్వాత మరణించిన 1913 ఎప్సమ్ డర్బీలో ఫేవరెట్ క్రాగనూర్ ముందొచ్చింది. గెలుపు ఖాయమని సంకేతం కూడా ఇచ్చేశారు. ఓడినవారెవరూ అడగకపోయినా స్టీవార్డులే అబ్జెక్షన్ లేవనెత్తి, క్రాగనూర్‌ను తప్పించి 100కు 1 ధర ఉన్న అబోయర్‌కు గెలుపునిచ్చారు. క్రాగనూర్ యజమాని బవర్ ఇస్మే టైటానిక్ నడిపిన వైట్ స్టార్ సంస్థ అధిపతికి తమ్ముడు. తీర్పు చెప్పిన స్టీవార్డుల్లో ఒకరైన యూస్టస్ లోడర్ ఆ గుర్రాన్ని పుట్టించి పెంచినవాడు. ఇస్మే తీర్పును తిరగదోడాలని చూశాడు, ఫలించలేదు. ఆ తీర్పు వెనక ఏముందన్న చర్చ నేటికీ నడుస్తోంది.

102 ఏళ్ల తర్వాత అదే దేశంలో కథ వేరేలా ముగిసింది. 2015 సెప్టెంబరు 12న డాంకాస్టర్‌లో జరిగిన సెయింట్ లెజర్‌లో ఆండ్రియా అట్జెనీ స్వారీ చేసిన సింపుల్ వర్స్, బాండీ బీచ్‌ను తలంత తేడాతో ఓడించింది. దారిలో రెండూ రాసుకున్నాయి. స్టీవార్డులు ఫలితం తారుమారు చేశారు. సింపుల్ వర్స్ తరఫువారు అప్పీలు చేశారు. సెప్టెంబరు 23న లండన్‌లో, ఆ రోజు తీర్పు చెప్పని వేరే ప్యానెల్ ముందు లాయర్లు వీడియోను ఆపి ఆపి చూపిస్తూ వాదించారు. ఆ రాపిడి వల్లే బాండీ బీచ్ ఓడిందనడానికి ఆధారం చాలదని ప్యానెల్ భావించి గెలుపును సింపుల్ వర్స్‌కు తిరిగి ఇచ్చింది. 1992లో యూజర్ ఫ్రెండ్లీ తర్వాత ఆ పందెం గెలిచిన తొలి ఆడగుర్రం అదే. బెట్టింగ్ లెక్కలకు మాత్రం పందెం రోజు ప్రకటించిన ఫలితమే ప్రమాణం.

పదకొండు రోజుల్లో తేలిపోయిన ఆ వ్యవహారం, స్టీవార్డులకు అధికారం తగ్గకుండానే యజమానికి న్యాయం చేయవచ్చని రుజువు చేసింది. లక్షలాది కళ్ల ముందు, 22 నిమిషాల ఒత్తిడిలో నిర్ణయం తీసుకునేవారు ఎంత నిజాయితీపరులైనా పొరబడే అవకాశం ఉంటుంది. కెంటకీ కూడా పందేల డబ్బు జోలికి పోకుండా, ప్రైజ్‌మనీ, స్థానాల వరకైనా ఒక స్వతంత్ర ప్యానెల్‌కు అప్పీలు అనుమతించాలి. మాగ్జిమం సెక్యూరిటీ ఆ ప్యానెల్ ముందూ ఓడిపోయి ఉండవచ్చు. వినకుండా ఓడించడం మాత్రం న్యాయం కాదు.