రాయడం నేర్పే పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి?

డిగ్రీలో చేరిన పిల్లలకు రాయడం నేర్పే పేపరు ఒకటి ఉంటుంది. యూనివర్సిటీని బట్టి, సిలబస్‌ను బట్టి దాని పేరు మారుతుంది గానీ లోపలి సరుకు పెద్దగా మారదు. బయోడేటా, ఉద్యోగానికి దరఖాస్తు, సెలవు చీటీ, గ్రూప్ డిస్కషన్‌లో ఎలా మాట్లాడాలి. పుస్తకం కొనలేనివాళ్లు సీనియర్ల గైడు జిరాక్స్ తీయించుకుంటారు. పరీక్ష అయిపోయాక ఆ కాగితాలతో పని ఉండదు.

ఇదే పేపరు కోసం ప్రపంచంలో కొన్నిచోట్ల అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి పుస్తకాలు రాసి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, దించుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టారు. వాటి గురించి మేము ఇక్కడ రాస్తున్నది ధర కోసం మాత్రమే కాదు. రాయలసీమ దళిత విద్యార్థికి రాత ఎందుకు కావాలో తెలిస్తే, ఆ పుస్తకంలో ఏముండాలో, దాన్ని మార్చే హక్కు ఎవరికి ఉండాలో కూడా తెలుస్తుంది.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెను తీసుకుందాం. యురేనియం గనితో ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. 2006లో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2007లో శంకుస్థాపన, 2012లో ప్లాంటు మొదలైంది. వ్యర్థాల చెరువు నుంచి ఊట దిగి బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. కారణం తమ ప్లాంటు కాదని యురేనియం కార్పొరేషన్ అంటోంది. ఈ వాదన ఎక్కడ నడుస్తుంది? కాగితాల మీద. ఇలాంటి ప్రాజెక్టులకు ముందు జరిపే సభల కోసం పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని నిబంధన ఉంది. సారాంశం వరకే. అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంటే ఆ నివేదిక చదవాల్సింది ఆమే, అర్జీ రాయాల్సింది ఆమే. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెప్పిన పాఠం అక్కడ ఎందుకూ కొరగాదు.

ఆ పిల్లకు కావాల్సిన పాఠం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. సమాచార హక్కు చట్టం కింద 'మా నీళ్లు ఎందుకు పాడయ్యాయి, మీరెందుకు పట్టించుకోలేదు' అని అడిగితే, ఇది సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో తిప్పి పంపగలరు. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా ఊళ్లోని బోర్ల నీటి పరీక్ష రిపోర్టుల నకళ్లు ఇవ్వండి' అని అడిగితే అది రికార్డు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలుకు పోవచ్చు. రెండు వాక్యాల్లో బాధ ఒక్కటే, తేడా అంతా రాతలో ఉంది. డీకేటీ భూమి మీద అర్జీ కూడా ఇంతే. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టా ఇచ్చిన సంవత్సరం, ఎవరు ఎప్పటి నుంచి ఆక్రమించారన్నది ముందు పేరాలో రావాలి. ఆవేదన తర్వాత రాసుకోవచ్చు. అర్జీ ముట్టినట్టు రసీదు తీసుకోవడం మరిచిపోతే రాసిందంతా గాలికే.

అత్యాచారాల నిరోధక చట్టంలోనూ రాత సంగతి ఉంది. 2015 సవరణ తర్వాత నాలుగో సెక్షన్ ప్రకారం, బాధితులు నోటితో చెప్పింది పోలీసు అధికారి రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు దాన్ని వాళ్లకు చదివి వినిపించాలి. నకలు వెంటనే ఇవ్వాలి. విన్నది తాము చెప్పిందేనా అని పట్టి చూడటం ఒక నైపుణ్యం. ఏ కమ్యూనికేషన్ స్కిల్స్ పేపరులోనైనా ఇది మొదటి పాఠం కావాలని మా అభిప్రాయం.

ఇప్పుడు ఉచిత పుస్తకాల దగ్గరికి వద్దాం. వికీపీడియా సోదర ప్రాజెక్టు వికీబుక్స్ 2003లో మొదలైంది. ఎవరైనా రాయగలిగే, దిద్దగలిగే పాఠ్యపుస్తకాలకు అది వేదిక. కాలేజీ రచనా కోర్సు కోసం 'రెటరిక్ అండ్ కంపోజిషన్' అనే పుస్తకం అందులో ఉంది. అమెరికాలోని సెయింట్ క్లౌడ్ స్టేట్ యూనివర్సిటీ అధ్యాపకుడు మాట్ బార్టన్, ఆయన విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు. పాఠం చదవాల్సినవాళ్లే పాఠం రాశారన్నమాట. 2010లో 'రైటింగ్ స్పేసెస్' అనే వ్యాస సంపుటాల వరుస వచ్చింది. అధ్యాపకులు విద్యార్థులను నేరుగా ఉద్దేశించి రాసిన వ్యాసాలవి. 2021లో రైస్ యూనివర్సిటీ ఆధ్వర్యంలోని ఓపెన్‌స్టాక్స్ 'రైటింగ్ గైడ్ విత్ హ్యాండ్‌బుక్' తెచ్చింది.

మూడూ ఉచితమే. కానీ మూడింటి మీదా మనకున్న హక్కు ఒకటే కాదు. ఈ తేడా చాలామంది పట్టించుకోరు గనుక కొంచెం ఆగుదాం. ఇలాంటి పుస్తకాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులతో వస్తాయి. రాసినవాళ్ల పేరు చెబితే చాలు, మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అమ్ముకోవచ్చు అనేది ఒక రకం. ఓపెన్‌స్టాక్స్ ఆ పుస్తకాన్ని ఈ రకం కిందే విడుదల చేసింది. మార్చుకోండి, కానీ మార్చిన పుస్తకాన్ని మీరూ ఇదే షరతుతో అందరికీ ఇవ్వాలి అనేది ఇంకో రకం. వికీబుక్స్ అలా నడుస్తుంది. చదువుకోండి, పంచుకోండి, కానీ ఒక్క ముక్క మార్చకండి అనేది మూడోది. రైటింగ్ స్పేసెస్ తర్వాతి సంపుటాల్లోని వ్యాసాల మీద ఈ షరతు కనిపిస్తుంది. మార్పు వద్దంటే అనువాదమూ వద్దనే. అంటే దాన్ని కర్నూలు పిల్లవాడు ఉచితంగా చదవగలడు, తెలుగులోకి తెచ్చి అందరికీ పంచలేడు. డబ్బు అడగని గడప కూడా గడపే.

మన దేశ చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి అనే జిరాక్స్ దుకాణం మీదా యూనివర్సిటీ మీదా కేసు వేశాయి. బోధనలో భాగంగా చేసుకునే నకళ్లకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తోందని 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. డిసెంబరులో డివిజన్ బెంచ్ కొన్ని అంశాలు మళ్లీ విచారించమన్నా ఆ సూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ప్రచురణ సంస్థలు కేసు వదులుకున్నాయి. జిరాక్స్ దుకాణం ముందు వరుసలో నిలబడే పిల్లలు తాము దొంగతనం చేయడం లేదని తెలుసుకోవాలి. అయితే ఆ తీర్పు నకలు తీసుకోనిస్తుంది, పుస్తకాన్ని మనదిగా మార్చుకోనివ్వదు.

మార్చుకోగల సరుకు ఏముంది? చాలానే ఉంది. భారత చట్టంలో రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అంబేడ్కర్ 1956లో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. 'కుల నిర్మూలన'ను 1936లో ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నారు, 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. తర్వాతి ముద్రణలో గాంధీ విమర్శనూ దానికి తన జవాబునూ చేర్చారు. ఎదుటివాడి మాటను పక్కన పెట్టకుండా పూర్తిగా పేజీ మీద నిలబెట్టి, దానికి వరుసగా జవాబు చెప్పడం ఎలాగో నేర్పడానికి ఇంతకన్నా మంచి నమూనా ఏ దేశపు రచనా పుస్తకంలోనూ మాకు కనిపించలేదు. గాంధీ రచనలూ 2009లోనే స్వేచ్ఛగా మారాయి గనుక వాదన రెండు వైపులా వాడుకోవచ్చు. తెలుగు అనువాదాల సంగతి వేరు, వాటి హక్కులు అనువాదకులవి. కొత్తగా అనువదించుకోవాలి.

1958లో మరణించిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 2019లో స్వేచ్ఛ పొందింది. 1971లో మరణించిన గుర్రం జాషువా రచనల కోసం మాత్రం 2032 దాకా ఆగాలి. మాలపల్లి గురించి బయటివారు రాసింది ముందు అందరి చేతికీ వచ్చింది, ఆ అవమానం అనుభవించినవారు రాసింది తర్వాత వస్తుంది. చట్టం కావాలని చేసింది కాదు, లెక్క అలా పడింది.

కోర్టు తీర్పులను వాడుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1991 చుండూరు హత్యాకాండలో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఒకే సాక్ష్యాన్ని ఇద్దరు ఎలా చదివారో పక్కపక్కన పెట్టి చూపిస్తే, వాంగ్మూలంలో తేదీ, గంట, వరుస ఎంత ప్రాణమో తరగతికి అర్థమవుతుంది.

తెలుగులో ఈ పని కొత్తగా పుట్టాల్సింది కాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగు మాధ్యమంలో కాలేజీ పుస్తకాలు తెచ్చింది. మొదటితరం విద్యార్థులు వేలమంది వాటి మీదే చదివారు. అవి పైనుంచి వచ్చిన పుస్తకాలు, చదివేవాడు దిద్దే వీలు లేనివి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నాక, తెలుగులో పదో తరగతో ఇంటరో చదివి వచ్చిన పిల్లలకు రెండు భాషల మధ్య వంతెనగా నిలిచే రచనా పుస్తకం ఇంకా అవసరమైంది. ఇంగ్లీషు కావాలనే దళితులు అడుగుతున్నారు, అందులో మాకు సందేహం లేదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో అర్జీ రాసే దారి చూపే పుస్తకమే లేదు.

వేదికలు ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు అందులో తమ పాఠ్యాంశాల మీద తెలుగులో వ్యాసాలు రాశారు. తెలుగు వికీబుక్స్ కూడా ఉంది గానీ అందులో ఉన్నది బహు తక్కువ. అక్కడ పని మొదలుపెట్టేవాళ్లు ఒక ఇబ్బంది ఎదుర్కొంటారు. వికీపీడియా ప్రతి మాటకూ అచ్చయిన ఆధారం అడుగుతుంది. మాలవాడ, మాదిగవాడ చరిత్రలో ఎక్కువ భాగం అచ్చు కానిదే. పాఠ్యపుస్తకంలో ఆ చిక్కు కొంత తక్కువ. అవ్వ చెప్పింది చరిత్రగా కాకుండా, విన్నదాన్ని రాతలో పెట్టే అభ్యాసంగా రావచ్చు.

ఎవరి శ్రమ అన్న ప్రశ్న కూడా ఉంది. కలిసి రాయడం అంటే జీతం లేకుండా రాయడమే. పొద్దున కాలేజీ, సాయంత్రం కూలి చేసుకునే పిల్లలను ఆ పని అడగాలంటే దానికి మార్కులైనా ఉండాలి. ప్రాజెక్టు వర్కుగా ఒక అధ్యాయం రాయిస్తే అధ్యాపకుడికీ అదనపు భారం ఉండదు. రాసినవాళ్ల పేరు అధ్యాయం మీద ఉండాలి, పేరు చెప్పడం ఆ లైసెన్సుల షరతే. నమూనాగా పెట్టే అసలు ఫిర్యాదుల్లో మాత్రం బాధితుల పేరు, ఊరు, ఫోను నంబరు తీసేయాలి. ఒకసారి వెబ్‌లో పెట్టిన పేజీని తర్వాత దిద్దినా పాత ప్రతి చరిత్రలో అలాగే ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. కాబట్టి ఆ పేర్లు ఎక్కించే ముందే కొట్టేయాలి.