గడి (నిర్మల్ - కరీంనగర్ ప్రాంతం)

ఉత్తర తెలంగాణ పల్లెల్లో, చిన్న పట్టణాల్లో దొరలు, దేశ్‌ముఖ్‌లు కాపురమున్న ఎత్తు గోడల ఇంటిని గడి అంటారు. ఇల్లు, కచ్చీరు (దొర కొలువు), ధాన్యం కొట్లు అన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. చాలా గడులు ఒక్కసారిగా కట్టినవి కావు. తరం మారినకొద్దీ ఒక మేడ, ఒక దాలానం కలుపుకుంటూ పెరిగినవి.

నిర్మల్ చుట్టూ ఉన్న శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ కోటలను నిజాం కొలువులోని ఫ్రెంచి ఇంజనీర్లు కట్టించారని ప్రతీతి. దొరల ఇళ్లకు బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజలు పెట్టుకోవడంలో అలాంటి కోటల ఠీవి కనిపిస్తుంది.

గడికి గుండెకాయ భవంతి. నాలుగు దిక్కులా అర్రలు, నడుమ ఆకాశం కనిపించే గచ్చు. గూనపెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది కాబట్టి వాన నీరంతా గచ్చులో పడి రాతి కాలువ గుండా బయటికి పోతుంది. వేడిగాలి పైకి పోయి అర్రలు చల్లబడేదీ ఆ ఖాళీలోంచే. దూలాలు, స్తంభాలు, చౌకట్లు ఆదిలాబాద్ అడవి టేకువి. చెదకు లొంగని కర్ర అది. గోడలు మట్టివి లేదా రాతివి. పైపూత డంగుసున్నం. ఎడ్లు రాతి చక్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే గానుగలో సున్నం, ఇసుక మెత్తగా నలిగేవి. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. నున్నగా రుద్దిన ఆ పూత నేడూ చేతికి చల్లగా తగులుతుంది. ఎక్కువచోట్ల ఆ పనంతా వెట్టి చాకిరీతో సాగింది. గడి అందాన్ని చెబుతూ ఆ చెమటను వదిలేస్తే అది సగం చరిత్రే. లోపలి ఆడపనివారి బతుకును బి. నర్సింగరావు ‘దాసి’ (1988) సినిమా చూపింది.

నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ తెచ్చిన జిల్లాల ఏర్పాటు, జిలాబందీతో (1865) శిస్తు వసూలు దేశ్‌ముఖ్‌ల చేతి నుంచి సర్కారు ఉద్యోగులకు మారింది. రుసుములు, పట్టా భూములు మాత్రం వారికి మిగిలాయి. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ - మన్మాడ్ రైలుమార్గం వచ్చాక ఇనుప గర్డర్లు, రంగుటద్దాలు, మంగుళూరు పెంకులు తెప్పించుకోవడం తేలికైంది. దాంతో గడి ముందుభాగం బంగళాలా మారింది: కమానులు, గుండ్రని స్తంభాలు, సున్నపు లతలు. వెనుక భవంతి మాత్రం పాత పద్ధతిలోనే నిలిచింది. కామారెడ్డి జిల్లా దోమకొండ గడిలోని అద్దాల మేడ ఈ కొత్త మోజుకు మంచి ఉదాహరణ.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1978 సెప్టెంబరులో దొరల పెత్తనానికి ఎదురుగా జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ రైతుకూలీ పోరాటాల కాలంలో ఎందరో దొరలు ఊళ్లు విడిచి హైదరాబాద్ చేరారు. ఖాళీ గడుల్లో కొన్నిచోట్ల బడులు, ఆఫీసులు నడిచాయి. మరికొన్నిచోట్ల టేకు తలుపులు, స్తంభాలు ఊడి అమ్ముడుపోయాయి. కప్పు పోయాక మట్టిగోడ వానలకు ఎన్నాళ్లో నిలవదు.

బాగుచేసిన గడులు తక్కువే. దోమకొండ గడి పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా - పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. మిగతాచోట్ల తొందర మరమ్మతులు చేటు చేస్తున్నాయి. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. గోడ లోలోపలే నాని పొరలు పొరలుగా రాలుతుంది. అలాంటి గోడకు మళ్లీ సున్నమే పూయాలి. డంగు నూరే మేస్త్రీలు ఇంకా ఉన్నప్పుడే ఆ పని జరగాలి.