తాటాకు నుండి అచ్చు పుస్తకానికి: సంగ సాహిత్య పునరుద్ధరణలో తమిళ భాషాభిమానుల పాత్ర

దక్షిణ భారతదేశ చరిత్రపై ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ‘సంగ యుగం’ అనే అధ్యాయం కనిపిస్తుంది. చేర, చోళ, పాండ్య రాజుల పోరాటాలు, కావేరీ పూంపట్టణం రేవు, మిరియాల కోసం వచ్చిన యవనుల ఓడలు, అతియమాన్‌ను కీర్తించిన అవ్వయ్యార్ మొదలైన విషయాలను మీరు ఇదివరకే చదివి ఉంటారు. అయితే 1880 నాటికి ఇటువంటి అధ్యాయం రాయడం దాదాపు అసాధ్యం. అందుకు కావలసిన గ్రంథాలు నశించిపోలేదు గాని, మఠాల భాండాగారాల్లోనూ, పండితుల ఇళ్ల అటకల మీదా తాటాకు కట్టలుగా పడి ఉన్నాయి. వాటిలో ఏముందో చెప్పగలిగినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే.

తరువాతి నలభై ఏళ్లలో ఈ గ్రంథాలు ఒక్కొక్కటిగా అచ్చులోకి వచ్చాయి. ఈ కృషిని సాధారణంగా ఉ.వే. స్వామినాథ అయ్యర్ (1855–1942) అనే ఒక్క వ్యక్తి పేరుతో ముడిపెడతారు. తమిళులు ఆయనను ‘తమిళ తాత’ అని ప్రేమగా పిలుచుకుంటారు. ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా అర్హుడు. కాని ఆయన వెనుక మున్సిఫులు, మఠాధిపతులు, జమీందారులు, జాఫ్నా పట్టభద్రులు, జైన గృహస్థులు, పోస్టల్ ఉద్యోగులు ఉన్నారు. వీరిని కలిపింది కులమూ కాదు, మతమూ కాదు. తమిళంలో ‘పట్రు’ అంటారు, అంటే ఒక భాష మీద పట్టు విడువని అభిమానం. ఈ పాఠ్యభాగంలో ఆ అభిమానుల బృందం ఎలా ఏర్పడిందో, అది చరిత్ర రచనకు ఏమి ఇచ్చిందో పరిశీలిద్దాం.

చదివేవారు లేని గ్రంథం

తాటాకు ప్రతిని ఎంత జాగ్రత్తగా దాచినా, మన వాతావరణంలో అది రెండు మూడు వందల ఏళ్లకు మించి నిలవడం అరుదు. చెదలు, తేమ, పురుగులు దాని శత్రువులు. కాబట్టి ఒక గ్రంథం బతకాలంటే ప్రతి కొన్ని తరాలకూ ఎవరో ఒకరు దానికి కొత్త ప్రతి రాయించాలి. చదివేవారు లేని గ్రంథానికి ప్రతి రాయించేవారు కూడా ఉండరు. రాతప్రతుల చరిత్రలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. గ్రంథాలు మంటల్లో కాలిపోవడం కంటే, ఎవరికీ అక్కరలేక నశించడమే ఎక్కువ.

పందొమ్మిదో శతాబ్దం నాటి తమిళ విద్య మఠాల చుట్టూ తిరిగేది. అక్కడ స్థలపురాణాలు, అంతాదులు, పిళ్ళైత్తమిళ్ వంటి ప్రబంధాలు, వ్యాకరణం నేర్పేవారు. ఆ చదువుకు లోతు లేదనలేం. స్వామినాథ అయ్యర్ గురువైన మహావిద్వాన్ మీనాక్షిసుందరం పిళ్ళై (1815–1876) పద్య రచనలో అసాధారణ ప్రతిభాశాలి. కాని ఆ పాఠ్యక్రమంలో ఎట్టుత్తొగై (ఎనిమిది సంకలనాలు), పత్తుప్పాట్టు (పది దీర్ఘ గీతాలు) లేవు. ఈ రెంటినీ కలిపి మనం సంగ సాహిత్యం అంటున్నాం. సుమారు 2,381 పద్యాలున్న ఈ సాహిత్యం తిరువావడుదురై వంటి పెద్ద మఠంలో సైతం భాండాగారంలో ఉండేదే తప్ప బోధనలో లేదు.

పాత కట్టలను వదిలించుకోవడానికి పుణ్యప్రదమైన మార్గాలు కూడా ఉండేవి. తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజున నదికి కొత్త నీరు వచ్చినప్పుడు శిథిలమైన తాటాకులను నీటిలో విడిచే అలవాటు కొన్ని ఇళ్లలో ఉండేది. తిరునెల్వేలి సీమలోని కరివలంవందనల్లూరుకు స్వామినాథ అయ్యర్ ఒక పాండ్య రాజు సేకరించిన గ్రంథాల కోసం వెళ్లారు. వాటిని శాస్త్రోక్తంగా నేతిలో ముంచి హోమాగ్నికి సమర్పించినట్లు అక్కడివారు చెప్పారని ఆయన తన ఆత్మకథలో రాశారు. ఇందులో ద్వేషం లేదు. చెప్పినవారు తాము చేసింది అపచారమని అనుకోనేలేదు.

ఒక మున్సిఫు వేసిన ప్రశ్న

1880లో స్వామినాథ అయ్యర్ కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో తమిళ పండితునిగా చేరారు. అదే ఏడాది అక్టోబరులో ఆ ఊరికి మున్సిఫుగా వచ్చిన సేలం రామస్వామి మొదలియార్‌ను కలిశారు. ఏమేమి చదివారని మొదలియార్ అడిగితే, యువ పండితుడు తాను గురువు దగ్గర చదివిన అంతాదులు, పురాణాలు, ప్రబంధాల పేర్లన్నీ వరుసగా చెప్పారు. మొదలియార్ ముఖంలో ఏ మార్పూ లేదు. చివరకు జీవక చింతామణి, మణిమేకలై, శిలప్పదికారం చదివారా అని ఆయన ప్రశ్నించారు. అయ్యర్ వాటిని చదవలేదు. ఆయన గురువు కూడా చదవలేదు.

ఈ సంభాషణను తమిళ సాహిత్య చరిత్రలో ఒక మలుపుగా చెబుతారు. అందులో కొంత నాటకీయత ఉన్నా విషయం నిజమే. ఇక్కడ ప్రశ్న వేసినవాడు మఠ పండితుడు కాడు, ఇంగ్లీషు చదువుకున్న న్యాయాధికారి. కొత్త చదువు భాషాభిమానాన్ని చంపుతుందని ఆనాడు చాలామంది భయపడ్డారు. ఇక్కడ జరిగింది మాత్రం వేరు. తమ భాషకూ సంస్కృతానికి దీటైన ప్రాచీనత ఉందా అనే ప్రశ్న ఆ చదువుకున్న వర్గంలోనే పుట్టింది. దానికి భూమిక అప్పటికే సిద్ధమై ఉంది. ద్రావిడ భాషలు సంస్కృత జన్యాలు కావని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన అచ్చయింది ఎ.డి. కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో! 1856లో కాల్డ్‌వెల్ తులనాత్మక వ్యాకరణం దానిని విస్తరించింది. అయితే భాషాశాస్త్రం చెప్పినదానికి సాహిత్య సాక్ష్యం ఇంకా బయటపడలేదు.

మొదలియార్ తన దగ్గరున్న చింతామణి ప్రతిని అయ్యర్‌కు ఇచ్చారు. అది జైన కావ్యం. అయ్యర్ శైవ మఠంలో చదువుకున్న స్మార్త బ్రాహ్మణుడు. కావ్యంలోని పారిభాషిక పదాలు, ఆచారాలు ఆయనకు అర్థం కాలేదు. కుంభకోణంలోనే ఉన్న జైన కుటుంబాలు ఆ కావ్యాన్ని తరతరాలుగా భక్తితో పారాయణ చేస్తున్నాయని తెలిసి, ఆయన వారి ఇళ్లకు వెళ్లి కూర్చుని సందేహాలు తీర్చుకున్నారు. పండిత లోకం మరచిపోయిన కావ్యం ఒక చిన్న సమాజం నిత్యజీవితంలో సజీవంగా ఉంది. నచ్చినార్కినియర్ వ్యాఖ్యతో చింతామణి 1887లో వెలువడింది.

ముద్రణకు ముందు జరిగిన పనిని మీరు ఒకసారి ఊహించండి. తాటాకు మీద హల్లులకు పైన పెట్టే చుక్క ఉండదు. ఎ-ఏ, ఒ-ఓ భేదం కనిపించదు. (ప్రాచీన తెలుగు శాసనాల్లోనూ ఈ రెండో ఇబ్బంది ఉందని శాసన పాఠాల్లో చదివే ఉంటారు.) పదాల మధ్య ఖాళీ ఉండదు, పద్యం ఎక్కడ ముగిసి వ్యాఖ్య ఎక్కడ మొదలైందో తెలియదు. అందువల్ల ఒక్క ప్రతి ఉంటే చాలదు. అనేక ప్రతులు తెప్పించి, పాఠభేదాలు పోల్చి, వ్యాఖ్యాత ఉదాహరించిన పంక్తి ఏ గ్రంథంలోదో వెదకాలి. చింతామణి వ్యాఖ్యలోని ఉదాహరణల మూలాలను వెదుకుతూ పోయినప్పుడే అయ్యర్ సంగ గ్రంథాల దగ్గరకు చేరారు. పత్తుప్పాట్టు 1889లో, శిలప్పదికారం 1892లో, పురనానూరు 1894లో, మణిమేకలై 1898లో వచ్చాయి. ఐంగురునూరు, పదిట్రుప్పత్తు, పరిపాడల్ తరువాతివి.

ప్రతులు ఎలా వచ్చాయి? రైలు, తపాలా, పరిచయాల ద్వారా వచ్చాయి. 1879లో దేశంలో కాలణా పోస్టుకార్డు ప్రవేశించింది. ఫలానా ఊళ్లో ఫలానా కవిరాయర్ ఇంట్లో ఏడుగురు తరాల నాటి కట్టలున్నాయని ఒక కార్డు వస్తే, సెలవుల్లో ప్రయాణం. మఠాధిపతి సుబ్రహ్మణ్య దేశికర్ వంటివారు తమ భాండాగారాలను తెరిచారు. అచ్చు ఖర్చులకు చందాదారులు ముందుగానే సొమ్ము ఇచ్చేవారు. పుస్తకం కొనే పాఠకుడు కూడా ఈ బృందంలో సభ్యుడే.

జాఫ్నా నుండి వచ్చినవారు

ఈ చరిత్రను తమిళనాడుకే పరిమితం చేయడం పొరపాటు. శ్రీలంకలోని జాఫ్నాకు చెందిన ఆరుముగ నావలర్ (1822–1879) అచ్చు యంత్రాన్ని తమిళ విద్యకు సాధనంగా మార్చిన తొలి తరం వ్యక్తి. ఆయన వెంట నడిచిన సి.వై. దామోదరం పిళ్ళై (1832–1901) మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రుల్లో ఒకరు. క్రైస్తవ మిషనరీ విద్యాసంస్థలో చదువుకుని, తరువాత న్యాయరంగంలో పనిచేసి, సంపాదించినదంతా గ్రంథ ముద్రణకు వెచ్చించారు. తొల్కాప్పియం పొరుళదికారాన్ని 1885లో, ఎట్టుత్తొగైలో ఒకటైన కలిత్తొగైని 1887లో ఆయన ప్రచురించారు. అంటే సంగ సంకలనం ఒకటి అచ్చులోకి రావడం అయ్యర్‌తో మొదలు కాలేదు.

ఇద్దరి మధ్యా సంబంధం ఎప్పుడూ సాఫీగా లేదు. చింతామణిని తానే ప్రచురిస్తానని, సిద్ధం చేసిన ప్రతిని ఇవ్వమని దామోదరం పిళ్ళై పట్టుబట్టారు. అయ్యర్ ఇవ్వలేదు. ఇద్దరి పక్షానా న్యాయం ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒకరికి ఆర్థిక వనరులు, ముద్రణానుభవం ఉన్నాయి. మరొకరు ఏళ్ల తరబడి ఆ కావ్యంతోనే బతికారు. భాషాభిమానుల బృందాల్లో స్పర్ధలు సహజం. ఈ స్పర్ధ వల్ల 1887లో తమిళానికి రెండు మహాగ్రంథాలు దక్కాయి.

సంఘాలు, సంస్థలు

వ్యక్తుల మధ్య పోస్టుకార్డులతో సాగిన పని క్రమంగా సంస్థల రూపం దాల్చింది. రామనాథపురం రాజవంశానికి చెందిన పాండిత్తురై దేవర్ 1901 సెప్టెంబరు 14న మదురైలో తమిళ సంఘాన్ని స్థాపించారు. ఆ మహానగరంలో తిరుక్కురళ్ ప్రతి ఒకటి కావాలని అడిగితే దొరకకపోవడమే ఇందుకు ప్రేరణ అని చెబుతారు. దీనికి ‘నాల్గవ తమిళ సంఘం’ అనే పేరు స్థిరపడింది. పూర్వం 9,990 ఏళ్ల పాటు మూడు సంఘాలు పాండ్యుల పోషణలో వర్ధిల్లాయని ఇఱైయనార్ అగప్పొరుళ్ వ్యాఖ్య చెప్పిన ఐతిహ్యాన్ని ఆ పేరు గుర్తుచేస్తుంది. ఐతిహ్యం చరిత్ర కాదు. కాని ఒక ఐతిహ్యాన్ని నమ్మి మనుషులు గ్రంథాలయం, ముద్రణాలయం, ‘సెందమిళ్’ పత్రిక నెలకొల్పితే ఆ సంస్థ మాత్రం చరిత్రే. 1911లో తంజావూరు దగ్గర కరందై తమిళ సంఘం వచ్చింది. 1915లో పిన్నత్తూరు నారాయణస్వామి అయ్యర్ పరిష్కరించిన నట్రిణై వెలువడింది.

ఈ అభిమానానికి మరో ముఖం కూడా ఉంది. 1916 ప్రాంతంలో మరైమలై అడిగళ్ ప్రారంభించిన ‘తనిత్తమిళ్’ ఉద్యమం సంస్కృత పదాలను తొలగించాలని కోరింది. గ్రంథాలను కాపాడటం కోసం కలిసినవారిలోనే, భాష ఎవరిది, ఎవరు దానికి పరాయివారు అనే వాదాలు బలపడ్డాయి. అయ్యర్ జైన గృహస్థుల ఇళ్లలో కూర్చున్న దృశ్యం పక్కన ఈ వాదాలను పెట్టి చూడండి.

అదే కావేరీ తీరంలో తెలుగువారి కథ కూడా ఒకటి నడిచింది. నాయక రాజుల కాలం నుండి తెలుగు గ్రంథాలు చేరిన తంజావూరు సరస్వతీ మహల్‌లో మానవల్లి రామకృష్ణ కవికి నన్నెచోడుని కుమారసంభవం దొరికింది. 1909లో అది అచ్చయి, నన్నయ, తిక్కనల చుట్టూ అల్లుకున్న సాహిత్య చరిత్రను కదిలించింది. అంతకు పూర్వమే సి.పి. బ్రౌన్ పండితులను నియమించి తెలుగు రాతప్రతులు సేకరించాడు. అయితే బ్రౌన్ కృషి ఎక్కువగా ఒక అధికారి జీతం మీద నడిచింది. తమిళంలో అది చందాల మీద, సంఘాల మీద నడిచింది. ఈ తేడాకు కారణాలు ఏమై ఉంటాయో మీరు ఆలోచించి రాయండి.

చరిత్రకారునికి దక్కినది

అచ్చయిన గ్రంథాలను తొలుత చరిత్రగా మలిచినవారిలో వి. కనకసభై ముఖ్యుడు. వృత్తిరీత్యా తపాలా శాఖ ఉద్యోగి. పద్దెనిమిది వందల ఏళ్ల నాటి తమిళులపై ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1904లో వెలువడింది. శిలప్పదికారంలో ప్రస్తావితుడైన లంక రాజు కయవాగును మహావంశంలోని గజబాహువుతో పోల్చి, ఆ కాలాన్ని క్రీ.శ. రెండో శతాబ్దంగా నిర్ణయించే పద్ధతి చాలాకాలం నిలిచింది. కావ్యం ఆధారంగా కాలనిర్ణయం చేయడంలోని ప్రమాదాన్ని తరువాతి పండితులు ఎత్తిచూపారు.

అయినా పద్యాలు కేవలం కల్పన కావని శాసనాలు నిరూపించాయి. పుగళూరు గుహా శాసనాల్లోని చేర రాజుల పేర్లు పదిట్రుప్పత్తు వంశావళికి దగ్గరగా ఉన్నాయి. 1981లో జంబై వద్ద దొరికిన తమిళ బ్రాహ్మీ శాసనంలో అతియన్ నెడుమాన్ అంజి పేరు ‘సతియపుతో’ అనే బిరుదుతో కనిపించింది. అశోకుని రెండో శిలాశాసనంలో (కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఇది ఉంది) చోళ, పాండ్యులతో పాటు పేర్కొన్న సతియపుతులు ఎవరన్న చిరకాలపు చర్చకు ఈ ఒక్క వాక్యం సమాధానమిచ్చింది. అవ్వయ్యార్ కీర్తించిన దాత ఈ వంశంవాడే.

తెలుగు విద్యార్థులు ఈ పద్యాలను మరో కారణంగానూ చదవాలి. వీటిలో తమిళ దేశానికి ఉత్తర హద్దు వేంగడం, అంటే మన తిరుమల కొండలు. దానికి అవతల ‘మాట మారే దేశం’ ఉంది, అక్కడివారు ‘వడుగర్’. ధనార్జన కోసం ఆ కొండలు దాటి వెళ్లిన ప్రియుని తలచుకుంటూ ఎందరో నాయికలు దుఃఖిస్తారు. మన పూర్వుల గురించి పొరుగువారు చెప్పిన అతి పాత మాటల్లో ఇవి కొన్ని. స్వామినాథ అయ్యర్, ఆయన తోటివారు ఆ కట్టలు విప్పకపోతే వడుగర్ ప్రస్తావన కూడా కట్టల్లోనే ఉండేది.

అచ్చు పుస్తకాలకూ చెదలు పడతాయి, అవీ కాలుతాయి. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని తగులబెట్టినప్పుడు వేలాది గ్రంథాలతో పాటు అరుదైన రాతప్రతులూ బూడిదయ్యాయి. 1998లో సంక్రాంతి నాడు, స్విట్జర్లాండులో ఉంటున్న శాస్త్రవేత్త కె. కల్యాణసుందరం చొరవతో ‘మదురై ప్రాజెక్టు’ మొదలైంది. వివిధ దేశాల్లోని స్వచ్ఛంద కార్యకర్తలు తమ తీరిక వేళల్లో పాత తమిళ గ్రంథాలను కంప్యూటర్‌లో ఎక్కించి ఉచితంగా అందించసాగారు. పోస్టుకార్డుల స్థానంలో విద్యుల్లేఖలు వచ్చాయి. ఒకరు టైపు చేస్తే మరొకరు తప్పులు దిద్దే పద్ధతి మాత్రం కుంభకోణం నాటిదే.

ఎవరు ఎంత వెదికినా కొన్ని దొరకలేదు. పదిట్రుప్పత్తులో మొదటి, పదో దశకాలు లేవు. డెబ్బై గీతాలు ఉండవలసిన పరిపాడల్‌లో ఇరవై రెండే పూర్తిగా మిగిలాయి. పురనానూరులో 266వ పద్యం తరువాత వచ్చేది 269వది.