సరిహద్దుకు ఆ పక్క, ఈ పక్క: పసిప్రాణాల లెక్క

చరిత్ర పాఠంలో రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాలు జరిగిన సంవత్సరాలు ఉంటాయి. ఏడాది నిండకుండానే పోయిన పసిబిడ్డల సంగతి ఉండదు. కానీ ఒక ప్రభుత్వం జనాన్ని ఎట్లా చూసుకున్నదో తెలియాలంటే ముందు ఆ లెక్కే చూడాలని నాకు అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో రెండు ఇరుగుపొరుగు రాష్ట్రాలను పోల్చి చూస్తున్నాను. ఒకటి మనం ఉంటున్న తమిళనాడు. రెండోది మన చుట్టాలు చాలామంది ఉన్న ఆంధ్రప్రదేశ్.

ఈ లెక్కకు శిశు మరణాల రేటు అని పేరు. 1000 మంది బిడ్డలు ప్రాణంతో పుడితే, మొదటి పుట్టినరోజు లోపల వాళ్లలో ఎంతమంది చనిపోయారన్నదే ఆ రేటు. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో కూడా ఇది 150 దాకా ఉండేది. అంటే మనల్ని పాలించిన దొరల దేశంలోనూ దాదాపు ఏడుగురిలో ఒక బిడ్డ దక్కేది కాదు. శుభ్రమైన నీళ్లు, మురుగు కాలువలు, శిక్షణ పొందిన మంత్రసానులు వచ్చాక అక్కడ ఆ చావులు తగ్గినాయి. కనుక ఇది తలరాత కాదు, మనుషులు మార్చగలిగేదే.

ఒకప్పుడు మన రెండు రాష్ట్రాలదీ ఒకే ఇల్లు. హోసూరు, కృష్ణగిరి అప్పటి సేలం జిల్లాలో ఉండేవి. కుప్పం, పలమనేరు చిత్తూరు జిల్లాలో ఉండేవి. రెండు జిల్లాలూ మద్రాసు కిందనే. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం రెండింటికీ ఒక్కటే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. 1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది.

ఇక లెక్కలు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం శాంపిల్ రిజిస్ట్రేషన్ అనే పద్ధతిలో ప్రతి ఏడాదీ ఈ వివరాలు సేకరిస్తుంది. 1971లో తమిళనాడులో 113, ఆంధ్రప్రదేశ్‌లో 106. 1981లో తమిళనాడు 91, ఆంధ్ర 86. చూసినారా, అప్పుడు వెనకబడి ఉన్నది మనమే! 1991కి వచ్చేసరికి తమిళనాడు 57కు దిగింది, ఆంధ్ర 73 దగ్గరే ఉండిపోయింది. పదేళ్లలో ఇక్కడ 34 తగ్గితే అక్కడ 13 తగ్గింది. 2011లో తమిళనాడు 22, ఆంధ్ర 43. ఆ తేడా 21. ప్రతి 1000 కాన్పులకు ఒక చిన్న తరగతి నిండేంత మంది పిల్లలు!

ఇది ఎట్లా జరిగింది? ఒక్క కారణం చెబితే సరిపోదు. మా అవ్వ, “ఏడుసార్లు పురుడు పోసుకుంటి, నలుగురే దక్కినారు” అంటుంది. ఆ కాలంలో కాన్పులు ఇంట్లోనే. కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చేది. విరేచనాలు పట్టుకుంటే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాపాలని తెలిసేది కాదు. పుస్తకాల్లో చదివిన కారణాలన్నీ అవ్వ మాటల్లోనే ఉన్నాయి.

తమిళనాడులో ప్రజారోగ్యానికి ప్రత్యేక శాఖ ఉంది. ఊరూరా గ్రామ ఆరోగ్య నర్సు ఇంటికే వచ్చి గర్భిణీలను చూసి, టీకాలు వేయించే ఏర్పాటు చేసినారు. 1982లో ఎం.జి.ఆర్. మధ్యాహ్న భోజన పథకాన్ని పెంచి, అంగన్వాడీ పిల్లలకు కూడా అన్నం పెట్టించినారు. 1987లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరుతో పేద గర్భిణీలకు సాయం మొదలైంది. 1994లో మందులు కొని ఆసుపత్రులకు పంపడానికే ఒక సంస్థ పెట్టినారు. తర్వాత చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రాత్రిపూట కూడా నర్సులు ఉండేటట్టు చేసినారు. నొప్పులు పగలే రావాలని లేదు కదా!

ఆంధ్రలో ఏమీ చేయలేదని కాదు. 1983లో ఎన్.టి.ఆర్. కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చినారు. 108 అంబులెన్సు 2005లో హైదరాబాదులోనే మొదలైంది. 2008లో మన తమిళనాడుకు వచ్చింది. మంచి పనికి సరిహద్దు అడ్డం కాదు. 2020కి ఆంధ్ర 24కు దిగింది. అప్పటికి వేరైన తెలంగాణ 21, తమిళనాడు 13.

అయితే మనం గర్వపడి ఊరుకుంటే సరిపోదు. రాష్ట్రం ముందుకు పోతున్న ఆ రోజుల్లోనే మన ప్రాంతంలో ఆడపిల్ల పుడితే బతకనివ్వని ఇళ్లు ఉండేవి. వాళ్లను కాపాడడానికి 1992లో సేలం జిల్లాలో ‘తొట్టిల్ కుళందై’ పథకం పెట్టినారు. సాకలేమనుకున్న వాళ్లు బిడ్డను ఆ ఉయ్యాలలో వదిలి పోవచ్చు, ఎవరూ అడగరు. 2001లో దాన్ని ధర్మపురి జిల్లాకు కూడా తెచ్చినారు. కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. 2004లో వేరే జిల్లా అయింది. ఆ బిడ్డలను తీసుకున్నది జబ్బు కాదు, కట్నం భయం. దానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

ఇంకో మాట అమ్మానాన్నలతో చెప్పాలి. 1978 నుంచి ఆడపిల్ల పెళ్లికి చట్టం చెప్పే వయసు 18. అయినా మన జిల్లా కొండ పల్లెల్లో చదువు మానిపించి చేసే పెళ్లిళ్లు ఇంకా ఆగలేదు. చిన్న వయసు తల్లికి బిడ్డ బరువు తక్కువగా పుట్టే ప్రమాదం ఎక్కువ. అట్లాంటి బిడ్డకే మొదటి నెల గండం. కనుక అమ్మాయిని పన్నెండో తరగతి దాకా చదివించడం కూడా పసిబిడ్డను కాపాడడమే.

2020లో కేరళ లెక్క 6. మనది 13. మిగిలిన ఆ ఏడుగురినీ బతికించుకోవచ్చని పక్క రాష్ట్రమే చూపిస్తోంది. ఒకప్పుడు మనం ఆంధ్రను దాటినాం. ఇప్పుడు కేరళను చూసి నేర్చుకుందాం.