మొహం చెమటకు ఛాతీ దారి

జూన్ నుంచి ఆగస్టు దాకా ఒమన్‌లోని ఘుబ్రాలో మధ్యాహ్నం 12.30కి ఎండలో పని ఆపాలి, మళ్లీ 3.30కే మొదలు. ఒమన్‌ కార్మిక నిబంధన అది. హెల్మెట్ తీసి నీడన కూర్చున్న కరీంనగర్, కడప వాళ్ల నుదుటి మీద మాత్రం చెమట ఆగదు. ఆ చెమట పట్టించమని చెప్పే సింపథెటిక్ నరం ఎక్కణ్నుంచి వస్తుంది? మెదడు పక్కనే ఉంది కాబట్టి అక్కణ్నుంచే అనిపిస్తుంది. పాతకాలపు వైద్యులూ అలాగే అనుకున్నారు. ఆజ్ఞ మెదడుదే, కానీ అది వెన్నుపాములో ఛాతీ దాకా దిగి, అక్కడ బయటికొచ్చి, మెడ మీదుగా మళ్లీ పైకెక్కుతుంది. ఇంత చుట్టుదారి ఎవరు ఊహిస్తారు!

1664లో మెదడు మీద పెద్ద గ్రంథం రాసిన థామస్ విల్లిస్‌ కూడా ఆ నరం తలలోంచి కిందికి దిగుతుందనే రాశాడు. 1727లో ఫ్రెంచి వైద్యుడు పూర్ఫూర్ దు పెటీ కుక్కల మెడలో దాన్ని కోసి చూసిన ప్రయోగాలు ప్రచురించాడు. దెబ్బ తగిలింది పైనున్న కంటికి. అంటే సంకేతం కిందనుంచి పైకి పోతోందన్నమాట. 1851లో క్లోడ్ బెర్నార్ కుందేలు మెడలో అదే నరం కోసి చెవి చల్లబడుతుందని ఎదురుచూస్తే అది కాస్తా వేడెక్కింది. రక్తనాళాలను బిగించి ఉంచే పని ఆ నరానిదేనని తర్వాత తేలింది. 1869లో జ్యూరిక్ కంటివైద్యుడు హార్నర్ ఒక రోగిలో వాలిన రెప్ప, చిన్నబడ్డ కంటిపాప, చెమట పట్టని సగం మొహం వర్ణించాడు. ఇప్పటికీ ఆ లక్షణాలు కనబడితే డాక్టర్లు ఛాతీ ఫొటో తీయిస్తారు. ఊపిరితిత్తి కొసన పెరిగిన గడ్డ ఈ నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు.

అసలు మజా కేంబ్రిడ్జిలో. మెడ పైభాగంలో, కెరోటిడ్ ధమని వెనక, నాడీకణాల ముడి ఒకటి ఉంది. కిందనుంచి వచ్చిన తీగలు అక్కడ ఆగి సంకేతం అప్పజెబితే, అక్కడి కణాల తీగలు ధమనులను అంటిపెట్టుకుని కన్ను, లాలాజల గ్రంథులు, చర్మం దాకా పోతాయి. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ 1892లో పిల్లుల్లో ఛాతీ నరాలను ఒక్కొక్కటే ప్రేరేపించాడు. మొదటిదాన్ని కదిపితే కంటిపాప విచ్చుకుంది, చెవి రక్తనాళాలు ఉలకలేదు. నాలుగోదాన్ని కదిపితే చెవి పాలిపోయింది, పాప కదల్లేదు. రెండు రకాల తీగలూ చేరేది ఒకే ముడికి! మెడలో ఆ నరం కోసేసి మళ్లీ పెరగనిచ్చి చూస్తే, 1895 నాటి ఆయన నివేదిక ప్రకారం, కంటివి కంటి కణాలకే, చెవివి చెవి కణాలకే చేరాయి. కణానికీ తీగకూ మధ్య ఏదో రసాయన బంధుత్వం ఉండాలని లాంగ్లీ అప్పుడే రాశాడు.