ట్రావెల్ ట్రైలర్: సస్పెన్షన్ సంరక్షణ

ఉత్తర అమెరికాలో కారు లేదా పికప్ వెనుక లాగుకెళ్లే నివాస వాహనమే ట్రావెల్ ట్రైలర్. రెండు ఇరుసుల రకాల్లో అనేకం కమాన్ పట్టీలపై నిలుస్తాయి. వాటి షాకిల్ బోల్టులకు కర్మాగారంలో తరచుగా నైలాన్ బుష్షులనే అమరుస్తారు. అవి అరిగితే లోహం లోహంతో రాసుకుని రంధ్రాలు కోలబడతాయి. షాకిల్ తెగే ప్రమాదమూ ఉంది.

అందుకే యజమానులు కంచు బుష్షులు, 1/4 అంగుళానికి బదులు 1/2 అంగుళం మందం గల షాకిల్ పలకలు, గ్రీజు నిపుల్ ఉన్న బోల్టులు బిగించుకుంటారు. బోల్టులోని గ్రీజు రంధ్రం బరువు మోపే వైపు కాక పక్కకు ఉండాలి. చక్రాలకు అడ్డుపెట్టి, ఇరుసుకు కాక ఛాసిస్‌కు జాకీ వేసి, స్టాండ్లపై నిలపాలి. బోల్టులపై భారం తగ్గాక, పాత గ్రీజు పోయి కొత్తది కనిపించేవరకు గన్నుతో ఎక్కించాలి. కేవలం జాకీపై నిలిచిన ట్రైలర్ కిందికి ఎన్నడూ వెళ్లరాదు.