చక్రము త్రిప్పిన చమురు

పాత మోటారుకారును ఇంట భద్రముగా పోషించుకొనువారికి ఒక దృశ్యము సుపరిచితము. రాత్రి షెడ్డులో నిలిపిన కారు క్రింద తెల్లవారునప్పటికి చమురు మరక కనిపించును. 'కారు' అను మాటకు తెలుగున గల రెండర్థములును అచ్చట ఒక్కటైనట్లు తోచును. పవర్ స్టీరింగు గల పాత కార్లలో ఈ మరక సామాన్యము. వినుటకు వింతగా నుండవచ్చును గాని, ఆ యంత్రము సాధ్యమైనదే చమురు కారుటను గూర్చిన ఒక ఆలోచన వలన.

అమెరికాలో పియర్స్-ఆరో సంస్థ లారీల విభాగమున పనిచేసిన ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్. బరువైన లారీల స్టీరింగు త్రిప్పుట డ్రైవరు భుజబలమునకు పరీక్షగా నున్న కాలమది. ఆ భారమును చమురు ఒత్తిడిచే మోయింపవలెనని ఆయన తలచెను. అయితే ఒత్తిడితో పనిచేయు నాటి ప్రెస్సులు విపరీతముగా చమురు కార్చుచుండెను. అధికమైన ఒత్తిడిని ఎల్లవేళల బంధించి యుంచినచో, అది ఏదో యొక సందున వెలికి వచ్చుట సహజమే గదా! డేవిస్ ఈ పద్ధతిని తలక్రిందు చేసెను. వాల్వును మూయక తెరచియే యుంచెను. బండి తిన్నగా పోవునపుడు పంపునుండి వచ్చు చమురు అడ్డు లేక తొట్టికి మరలును. చక్రము త్రిప్పినపుడే వాల్వు ఒక దారిని అడ్డగించును. అప్పుడే ఒత్తిడి పుట్టి పిస్టనును నెట్టును.

1926లో ఆయన దీనిని ఒక పియర్స్-ఆరో కారునకు అమర్చి చూపెను. జనరల్ మోటార్స్ సంస్థ ఆసక్తి వహించెను గాని, ఆర్థికమాంద్య కాలమున, 1934లో, ఖర్చునకు వెఱచి విరమించుకొనెను. రెండవ ప్రపంచయుద్ధమున కవచవాహనములకు ఈ సాధనము అక్కరకు వచ్చెను. తుదకు 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో దీనిని ప్రజలకు అందించెను. అప్పటికి డేవిస్ తొలి పేటెంట్ల గడువు తీరిపోయి యుండెను!

మరమ్మతుకు ఈ చరిత్రయే మార్గదర్శి. ఒత్తిడి లేనపుడు దాగియున్న లీకు, చక్రము త్రిప్పినపుడు బయటపడును. కావున ముందు గొట్టములను, పంపును, స్టీరింగు పెట్టెను శుభ్రముగా తుడువవలయును. ఇంజను నడచుచుండగా వేరొకరిచే చక్రమును ఇరువైపులకు త్రిప్పించి, దూరమునుండి దీపముతో చూడవలయును. చివరివఱకు త్రిప్పి అట్లే పట్టియుంచినచో పంపు చెడును, క్షణకాలము చాలును. చమురు క్రిందికి జారునుగాన, తడి కనిపించిన చోట్లలో మీదిదే మూలము. చేతితో తడవి చూచుట ప్రమాదకరము. కాలిన పొగగొట్టముపై చమురు పడినచో మంటలు లేచును.

పెక్కుసార్లు దోషి పంపు కాదు. వయస్సుచే గట్టిపడిన రబ్బరు సీలో, పగిలిన గొట్టమో యగును. గొట్టమును మార్చుట ఇంట చేయదగిన పని. కారు క్రింద దూరవలసి వచ్చినచో జాకీని మాత్రమే నమ్మక గట్టి స్టాండ్లు పెట్టవలయును. తయారీదారు పుస్తకమున చెప్పిన చమురునే పోయవలయును. బ్రేకు ద్రవము పోసినచో రబ్బరు ఉబ్బి చెడిపోవును. పిమ్మట ముందు చక్రములను పైకెత్తి, ఇంజను ఆపి, స్టీరింగును ఇటునటు నెమ్మదిగా పలుమారులు త్రిప్పినచో లోని గాలి వెడలిపోవును. స్టీరింగు పెట్టెను విప్పుట మాత్రము అనుభవజ్ఞుడైన మెకానిక్కునకు విడుచుట మేలు.

చమురంతయు పోయినను స్టీరింగు తెగిపోదు, బరువెక్కును. కాని మలుపు నడుమ హఠాత్తుగా వచ్చు ఆ బరువును అందఱి చేతులును మోయజాలవు. అందుచే షెడ్డులోని మరకను తుడిచి మరచుట తగదు. దాని మూలమును వెదుకవలయును.